తిరుపతి–హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఎంత? విమానంలో నిజంగా పట్టే సమయం ఎంత?

ప్రశ్న (చిత్తూరు నుంచి): మా అమ్మ మొదటిసారి దుబాయ్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్తోంది. హైదరాబాద్ నుంచి 14వ తేదీ రాత్రి 10:05కి విమానం. ఆ టికెట్టు అన్నయ్య కొనేశాడు. తిరుపతి నుంచి హైదరాబాద్‌కు నేను విడిగా కొనాలి. మధ్యాహ్నం 3:40కి దిగేది ఒకటి, రాత్రి 7:50కి దిగేది ఒకటి కనిపిస్తున్నాయి. దూరం చూద్దామంటే ఒక సైట్లో 417, ఇంకోదాంట్లో 259, మరోచోట 225, ఒక పాత పట్టికలో 438 అని ఉంది. ఏది నిజం? 417 అయితే విమానం అరగంటలో వెళ్లిపోవాలి కదా, టికెట్టులో గంటా పదిహేను నిమిషాలు ఎందుకు? దుబాయ్ టికెట్టులో రాత్రి 12:35కి చేరుతుందని ఉంది, అంటే రెండున్నర గంటలేనా? 7:50కి దిగితే అమ్మకు రెండు గంటల పైన ఉంటుంది కదా, చాలదా?

జవాబు:

ముందు అమ్మగారి సంగతి చెప్పేస్తాను తమ్ముడూ, తర్వాత లెక్కల్లోకి వెళదాం. 3:40కి దిగే విమానమే కొనండి. 7:50ది వద్దు. ఎందుకు వద్దో చివర్లో నిమిషాలతో సహా రాస్తాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఫ్లైట్ డిస్పాచ్ పని చేశాను. విమానం ఎగిరే ముందు దారి, గాలి, ఇంధనం లెక్క కట్టి పైలట్ చేతికి కాగితాలు ఇచ్చే పని అది. రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. మీరు అడిగినలాంటి ప్రశ్నలు మా బంధువుల్లోనే ఏడాదికి నాలుగైదు వస్తాయి. అందరూ చేసే పొరపాటు ఒకటే: దూరం తెలిస్తే సమయం తెలిసినట్టే అనుకోవడం. బస్సుకు, రైలుకు ఆ లెక్క కొంతవరకు పనిచేస్తుంది. దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే విమానానికి అస్సలు పనిచేయదు.

మీకు కనిపించిన మొదటి మూడు అంకెలూ నిజమే. 417 అన్నది కిలోమీటర్లు. 259 అన్నది మామూలు మైళ్లు. 225 అన్నది నాటికల్ మైళ్లు. ఒకే దూరాన్ని మూడు కొలతల్లో చెప్పారు, అంతే. విమానాలకు, ఓడలకు నాటికల్ మైలే కొలత. ఒక నాటికల్ మైలు అంటే సరిగ్గా 1,852 మీటర్లు. ఈ అంకె ఊరికే రాలేదు. భూమ్మీద ఒక డిగ్రీ అక్షాంశాన్ని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఇంచుమించు ఒక నాటికల్ మైలు అవుతుంది. అందుకే మ్యాప్ పక్కన ఉన్న అక్షాంశాల గీతల మీదే దూరం కొలిచేయొచ్చు. వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. మీరు చూసే సైట్ ఏ కొలతలో చెబుతోందో అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూడకుండా అంకె ఒక్కటే పట్టుకుంటే దూరం ఇంచుమించు సగానికి పడిపోతుంది, మీకు జరిగింది అదే.

నాలుగో అంకె, 438, దాని కథ వేరు. మీ పాత పట్టిక బేగంపేట కాలం నాటిదై ఉండాలి. హైదరాబాద్ విమానాలు 2008 మార్చి వరకు బేగంపేటలోనే దిగేవి. ఆ నెలలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైంది, హెచ్‌వైడీ అనే మూడక్షరాల కోడ్ కూడా దానితోపాటు అక్కడికే వెళ్లిపోయింది. శంషాబాద్ ఊరికి దక్షిణాన, అంటే మనవైపు ఉంది. మన తిరుపతి ఎయిర్‌పోర్ట్ ఉన్న రేణిగుంట నుంచి బేగంపేటకు 438 కిలోమీటర్లు, శంషాబాద్‌కు 417. బెంగళూరుకు కూడా ఇదే తంటా. 2008 మే దాకా హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్, ఆ తర్వాత దేవనహళ్లి. కాబట్టి ఊరి పేరు చూసి దూరం నమ్మొద్దు, ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి. కొన్ని సైట్లయితే ఎయిర్‌పోర్ట్‌ని వదిలేసి ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. అప్పుడు 427 దగ్గర వస్తుంది. మన ఎయిర్‌పోర్ట్ పేరు తిరుపతి, ఉన్నది రేణిగుంట దగ్గర, తిరుపతి నుంచి 15 కిలోమీటర్లు. ఆ తేడా ఇలా బయటపడుతుంది.

మరి ఎయిర్‌పోర్టులో ఎక్కడి నుంచి కొలుస్తారు? గేటు నుంచా, టెర్మినల్ నుంచా? రెండూ కాదు. ప్రతి ఎయిర్‌పోర్టుకు ఒక రిఫరెన్స్ పాయింట్ ఉంటుంది. సాధారణంగా రన్‌వేల మధ్యభాగానికి దగ్గర్లో ఒక చుక్క. దాని అక్షాంశం, రేఖాంశం అధికారికంగా ప్రచురిస్తారు. రేణిగుంటకు అది 13.63 ఉత్తరం, 79.54 తూర్పు. శంషాబాద్‌కు 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. ఈ నాలుగు అంకెలుంటే చాలు, మీరే ఇంట్లో కూర్చుని లెక్క వేసేయొచ్చు. పదో తరగతి లెక్కలే.

అక్షాంశాల తేడా 3.61 డిగ్రీలు. ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకోండి, దాదాపు 401 వస్తుంది. ఇది ఉత్తర దక్షిణాల దూరం. రేఖాంశాల తేడా 1.11 డిగ్రీలు. దీన్ని కూడా 111తో గుణించి ఊరుకోకూడదు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా, అందుకే రెండు ఊళ్ల మధ్య సగటు అక్షాంశం తీసుకుని దాని కొసైన్‌తో గుణించాలి. మన సగటు 15.4 డిగ్రీలు, దాని కొసైన్ 0.964. అప్పుడు 119 కిలోమీటర్లు వస్తుంది. ఇది తూర్పు పడమరల దూరం. ఇక పైథాగరస్: 401 వర్గం, 119 వర్గం కూడి వర్గమూలం తీస్తే 418. సైట్ చెప్పింది 417. ఆ ఒక్క కిలోమీటరు తేడా ఎందుకంటే, మనం భూమిని గుండ్రటి బంతి అనుకున్నాం. నిజానికి అది ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. మంచి సైట్లు ఆ నొక్కుడును కూడా లెక్కలో వేస్తాయి. ప్రయాణికుడికి ఈ తేడా లెక్కలోకే రాదు.

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కు కూడా ఇదే పద్ధతిలో వేసి చూడండి, దాదాపు 2,546 కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరం కూడా అంతే. అమెరికాకు మాత్రం ఈ పద్ధతి వాడొద్దు. హైదరాబాద్ నుంచి షికాగో ఓహేర్‌కు ఇలా వేస్తే 16,000 దాటిపోతుంది. అసలు దూరం 13,280 దగ్గర. అంత దూరాల్లో భూమి వంపు మన చదును లెక్కను తినేస్తుంది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, షికాగో మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగండి. దారం అట్లాంటిక్ మీదుగా పోదు, పైకెక్కి ఉత్తర ధ్రువం వైపు జరుగుతుంది. గోళం మీద దగ్గరి దారి అదే, దాన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. గోడకు వేలాడే మ్యాప్ మీద అదే దారి పెద్ద విల్లులా వంగి కనిపిస్తుంది. విమానం చుట్టు తిరిగి పోతోందని మా బావగారు ఒకసారి సీటు ముందున్న స్క్రీన్ చూసి కంగారుపడ్డారు. అది చుట్టు కాదు, నేరు దారే.

ఇక సమయం. మీ ప్రశ్నలో అసలు విషయం ఇదే.

ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ పైన నిలకడగా పోయేటప్పుడు వేగం గంటకు 830 కిలోమీటర్ల దగ్గర. ఏటీఆర్ 72, అదే రెక్కలకు పంకాలు ఉండేది, గంటకు 510 దాకా. 417ని 830తో భాగిస్తే మీరన్నట్టు అరగంట. కానీ ఆ 830 వేగంతో విమానం ఎంతసేపు పోతుందనుకుంటున్నారు? మన దారిలో చాలా కొద్దిసేపే.

జెట్ దిగడానికి మేం వాడే మోటు లెక్క ఒకటుంది. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి 3 నాటికల్ మైళ్లు కావాలి. 30,000 అడుగుల నుంచి దిగాలంటే 90 నాటికల్ మైళ్లు, అంటే 165 కిలోమీటర్ల పైన. ఎక్కడానికీ దాదాపు అంతే దారి పడుతుంది. 417లో ఈ రెండూ పోతే నిండు వేగంతో పోయేది వంద కిలోమీటర్ల లోపే. పైగా 10,000 అడుగుల కింద సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదని నియమం. తిరుపతి–హైదరాబాద్ విమానం నిండు వేగం అందుకునేసరికి దిగే వేళ అయిపోతుంది.

దీనికి తోడు రన్‌వేల దిక్కు. ఇది మన ఎయిర్‌పోర్టులో నిలబడి చూస్తే కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. రేణిగుంట రన్‌వేకి రెండు చివర్లా 08 అని, 26 అని రాసి ఉంటుంది. అంటే దిక్సూచి మీద 80 డిగ్రీలు, 260 డిగ్రీలు. తూర్పు పడమరలుగా వేసిన రన్‌వే అన్నమాట. విమానం గాలికి ఎదురుగా ఎగురుతుంది కాబట్టి ఆ రోజు గాలిని బట్టి తూర్పుకో పడమరకో లేస్తుంది. హైదరాబాద్ ఉన్నదేమో ఉత్తరాన, కొంచెం పడమరకు. ఎటు లేచినా ఇంచుమించు లంబకోణంలో తిరగాల్సిందే. శంషాబాద్ రన్‌వేలు 09, 27, అవీ తూర్పు పడమరలే. అక్కడా దిగే ముందు మళ్లీ అలాంటి మలుపే. సైట్ చెప్పిన 417లో ఈ రెండు మలుపులూ లేవు. దిగే వరసలో ముందు ఇంకో నాలుగు విమానాలుంటే కంట్రోలర్ ఒక చుట్టు తిప్పుతాడు, అదీ లేదు. మనకు తూర్పున 75 కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట ఉంది. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల గగనతలాన్ని మూస్తూ నోటమ్, అంటే పైలట్లకు అధికారిక సూచన, ఇస్తారు. అటుగా పోయే విమానాలు ఆ గంటల్లో పక్కకు జరిగి పోవాలి. మ్యాప్ మీద గీత అప్పుడూ అంతే ఉంటుంది, దారి మాత్రం మారిపోతుంది.

టికెట్టు మీద రాసేది ఎగిరే సమయం కాదు. దాన్ని మేం బ్లాక్ టైమ్ అంటాం. నిలబడి ఉన్న విమానం చక్రాలకు అటూ ఇటూ పచ్చటి పెద్ద దిమ్మలు పెడతారు, చూసే ఉంటారు, వాటిని చోక్స్ అంటారు. ఇక్కడ విమానం ఆ దిమ్మలు వదిలి కదిలిన నిమిషం నుంచి, అక్కడ వెళ్లి ఆగి మళ్లీ చక్రాల కింద దిమ్మలు పడే నిమిషం దాకా బ్లాక్ టైమ్.

మొన్న ఒకసారి మధ్యాహ్నపు ఏటీఆర్‌లో హైదరాబాద్ వెళ్తూ పాత అలవాటు కొద్దీ నిమిషాలు రాసుకున్నాను. టికెట్టు ప్రకారం 2:25కి బయల్దేరి 3:40కి చేరాలి. 2:22కి తలుపు వేశారు. 2:27కి చక్రాలు కదిలాయి. నేల విడిచింది 2:36కి. లేవగానే కుడి రెక్క కిందికి వంగి, కిటికీలో చెరువులు పక్కకు ఒరిగినట్టు కనిపించాయి. అదే నేను చెప్పిన మలుపు. శంషాబాద్ రన్‌వే తాకింది 3:31కి. అక్కడి నుంచి మెల్లగా వచ్చి ఆగింది 3:38కి. అంటే గాల్లో ఉన్నది 55 నిమిషాలు, నేల మీద పాకింది 16 నిమిషాలు, మొత్తం 71. టికెట్టు చెప్పిన 75లో నాలుగు నిమిషాలు మిగిలాయి. ఆ మిగులు కూడా కావాలనే పెడతారు. చిన్నచిన్న ఆలస్యాలు దాంట్లో కలిసిపోవాలని.

అందుకే ఇంట్లో వేసుకోవడానికి ఒక సులువు చెబుతాను. జెట్ అయితే కిలోమీటర్లను 830తో భాగించి పైన అరగంట కలపండి. ఏటీఆర్ అయితే 510తో భాగించి 25 నిమిషాలు కలపండి. బెంగళూరు–ఢిల్లీకి వేసి చూడండి. 1,700 కిలోమీటర్లకు రెండు గంటల మూడు నిమిషాలు, అరగంట కలిపితే రెండున్నర. దాని మీద కంపెనీ పెట్టుకునే మిగులు పది ఇరవై నిమిషాలు. టికెట్టులో చూసేది అంతే ఉంటుంది. ఆ కలిపే అరగంట దగ్గరి ఊళ్లకూ అంతే, దూరానికీ అంతే. అందువల్లే దగ్గరి ప్రయాణంలో అది ఎక్కువ భాగం తినేసి, విమానం నెమ్మదిగా పోతోందని అనిపిస్తుంది.

గాలి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మగారు పోయేది పడమటికి. తిరుపతి–హైదరాబాద్ దారి ఉత్తర దక్షిణాలుగా ఉంది. పైన వీచే పెద్ద గాలులు తూర్పు నుంచో పడమర నుంచో వస్తాయి. అవి మనకు పక్కగాలులు, సమయం పెద్దగా మారదు. దుబాయ్ దారి అలా కాదు. చలికాలంలో ఉత్తర భారతం మీదా, అరేబియా మీదా పడమటి జెట్ గాలి, అంటే చాలా ఎత్తున వేగంగా వీచే గాలి, బలంగా ఉంటుంది, అది పోయేటప్పుడు ఎదురుగాలి. ఉదాహరణకు గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి అనుకుంటే నేలతో పోల్చి చూస్తే విమానం వేగం 730కి పడిపోతుంది, 2,546 కిలోమీటర్లకు మూడున్నర గంటలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 930, రెండు గంటల నలభై నాలుగు నిమిషాలు. ఒకే విమానం, ఒకే దూరం, పోవడానికి రావడానికి ముప్పావు గంట తేడా. వానాకాలంలో మన దక్షిణాది మీద కథ తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పైన తూర్పు నుంచి గాలి వీస్తుంది. ఈ ఉష్ణమండల తూర్పు జెట్ గురించి 1958లో లోకానికి వివరంగా చెప్పింది మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం.

మీరు చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే దారిలోనే గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది. పెద్ద మైదానంలో 1,024 యాంటెనాలు వరసలుగా నిలబెట్టారు. ఒకప్పుడు మన మిద్దెల మీద ఉండే టీవీ యాంటెనాల్లాంటివే. అవి ఆకాశంలోకి తరంగాలు పంపి, విమానాలు తిరిగే ఎత్తుకు పైన కూడా గాలి ఎటు, ఎంత వేగంతో పోతోందో కొలుస్తాయి. ఆ దారిన వేల మంది రోజూ పోతుంటారు, తమ నెత్తి మీది గాలిని పక్క పొలాల్లోనే కొలుస్తున్నారని చాలామందికి తెలియదు. ఈసారి అటు వస్తే అమ్మగారికి చూపించండి.

దుబాయ్ టికెట్టులో రెండున్నర గంటలే కనిపించడానికి గాలి కారణం కాదు, గడియారం. టికెట్టు మీద బయల్దేరే టైమ్ బయల్దేరే ఊరిది, చేరే టైమ్ చేరే ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడ 12:35 అంటే మనకు రాత్రి 2:05. 10:05 నుంచి 2:05కి నాలుగు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు ఇదే తిరగబడి అయిదు గంటలు పట్టినట్టు కనిపిస్తుంది, అప్పుడు కంగారు పడకండి. ఏ టికెట్టైనా రెండు టైములనూ ఒకే దేశపు టైమ్‌లోకి మార్చుకున్నాకే తీసివేయాలి.

ఇప్పుడు 7:50 విమానం ఎందుకు వద్దన్నానో చూడండి. మీ రెండు టికెట్లూ వేర్వేరు. అంటే తిరుపతిలో ఇచ్చిన పెట్టె దుబాయ్ దాకా తనంతట తాను పోదు. శంషాబాద్‌లో అమ్మగారు దాన్ని బెల్ట్ దగ్గర తీసుకుని, బయటికి వచ్చి, మళ్లీ ప్రయాణికురాలిగా లోపలికి వెళ్లాలి. 7:50కి విమానం ఆగుతుంది. దిగి టెర్మినల్లోకి వచ్చేసరికి 8:05. పెట్టె వచ్చేసరికి 8:30. అక్కడ దేశీయ, అంతర్జాతీయ విమానాలకు టెర్మినల్ ఒకటే కాబట్టి ఆ మేరకు మేలు, పై అంతస్తుకు వెళ్తే చాలు. తోపుడు బండి, గేటు దగ్గర తనిఖీ అయ్యేసరికి 8:45. దుబాయ్ చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు, అంటే 9:05. కొన్ని కంపెనీలు గంటంబావు ముందే మూస్తాయి. అన్నీ సవ్యంగా జరిగితే చేతిలో ఉన్నవి 20 నిమిషాలు. అందులో క్యూ కూడా నిలబడాలి. విమానం పావుగంట లోపు ఆలస్యమైతే లెక్కల్లో దాన్ని టైమ్‌కి వచ్చినట్టే రాసుకుంటారు. లెక్క ప్రకారం టైమ్‌కి వచ్చిన విమానమే మీ 20 నిమిషాల్లో 15 తినేయగలదు.

ఇది ఊహించి చెప్పడం లేదు. మా అక్క ఇలాగే రెండు వేర్వేరు టికెట్ల మీద మనవరాలి పురిటికి బయల్దేరింది. ఏ ఎయిర్‌పోర్టో, ఏ కంపెనీయో అనవసరం, ఎక్కడైనా అంతే. మొదటి విమానం 40 నిమిషాలు లేటు. పెట్టె బెల్ట్ మీద చివర్లో వచ్చింది. కౌంటర్ దగ్గరికి పరుగున పోయేసరికి అమ్మాయి బోర్డు తిప్పేసింది. విమానం ఇంకా అక్కడే ఉంది, అద్దాల్లోంచి కనిపిస్తూనే ఉంది. పెట్టెలో మామిడి తాండ్ర, పసిబిడ్డకు కుట్టిన గుడ్డలు. రాత్రంతా ఇనుప కుర్చీలో కూర్చుని, తెల్లారి మళ్లీ పూర్తి డబ్బు కట్టి ఇంకో టికెట్టు కొన్నాం. మొదటి కంపెనీ మా బాధ్యత ఊరు చేర్చడం వరకే అంది, రెండోది మీరు టైమ్‌కి రాలేదు అంది. వేర్వేరు టికెట్లయితే రెండు మాటలూ నియమం ప్రకారం సరైనవే. డిస్పాచ్‌లో అన్నేళ్లు పనిచేసి కూడా ఆ టికెట్లు ఆమె కొన్నప్పుడు నేను చూడలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అదే ఒకే బుకింగ్ కింద, ఒకే పీఎన్‌ఆర్‌తో తిరుపతి–హైదరాబాద్–దుబాయ్ దొరికి ఉంటే రెండు గంటలు చాలేది. పెట్టె వాళ్లే మారుస్తారు, మొదటిది లేటైతే తర్వాతి విమానంలో పంపించే బాధ్యతా వాళ్లదే. మీది ఎలాగూ అయిపోయింది కాబట్టి 3:40ది తీసుకోండి. అది రెండు గంటలు లేటైనా ఇబ్బంది లేదు. కొనే ముందు ఫ్లైట్‌రాడార్24 లాంటి సైట్లో ఆ విమానం నంబరు కొట్టి, గత వారం రోజులు ఏ టైమ్‌కి దిగిందో చూడండి. టికెట్టు మీది అంకె కంటే ఆ ఏడు అంకెలు ఎక్కువ నిజం చెబుతాయి. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వెళ్తుంటే ఇంకా జాగ్రత్త. మన వైపు వాయుగుండం పట్టుకుంటే రేణిగుంటలో దిగాల్సిన విమానమే రాకపోవచ్చు. అది రాకపోతే మీది పోదు, ఎందుకంటే అక్కడి నుంచి వచ్చిన విమానమే తిరిగి పోయేది.

ఇంటి నుంచి లెక్క ఇలా వేసుకోండి. 2:25కి విమానమంటే 12:30 కల్లా రేణిగుంటలో ఉండాలి. చిత్తూరు నుంచి 80 కిలోమీటర్ల పైన, రెండు గంటలు పెట్టుకోండి. పదిన్నరకు ముందే కారు కదలాలి. ఉదయం పదిన్నర నుంచి రాత్రి 10:05 దాకా పదకొండున్నర గంటలు, ఆ తర్వాత నాలుగు గంటల విమానం. వచ్చేసారి టికెట్టు కొనే ముందు చెన్నై కూడా చూడండి. రేణిగుంట నుంచి చెన్నై ఎయిర్‌పోర్ట్ ఉన్న మీనంబాకానికి గాల్లో వంద కిలోమీటర్లు కూడా లేదు. మీకు చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా రోడ్డున 150 దాకా. శ్రీపెరంబుదూరు ట్రాఫిక్‌తో కలిపి మూడున్నర గంటలు వేసుకున్నా, రాత్రి 10 గంటల విమానానికి మధ్యాహ్నం 3కి ఇంట్లో భోంచేసి బయల్దేరితే చాలు. విమానం మారే పని లేదు, పెట్టె ఒక్కసారే ఇవ్వాలి. పెద్దవాళ్లను, అందులోనూ మొదటిసారి పోయేవాళ్లను పంపేటప్పుడు నేను కిలోమీటర్లూ చూడను, టికెట్టు ధరా చూడను. ఎన్నిసార్లు పెట్టె ఎత్తి దించాలో చూస్తాను.

రెండు టికెట్ల మీదా వీల్‌చైర్ అడగండి, మామూలుగా దానికి డబ్బు తీసుకోరు. కొంత నడవగలిగినా, ఎక్కువ దూరం నడవడం కష్టమైతే అడగొచ్చు. తోసుకుపోయే మనిషి బెల్ట్ దగ్గర పెట్టె తీసి, పైకి తీసుకెళ్లి కౌంటర్ దాకా చేరుస్తాడు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ తోడు పెద్ద ధైర్యం. పాస్‌పోర్టు, వీసా కాగితం, అన్నయ్య ఫోన్ నంబరు చేతిసంచిలో ఉండాలి, పెట్టెలో కాదు.

అన్నయ్యకు ఒక మాట ఇప్పుడే చెప్పండి. చేరే టైమ్ 12:35 అంటే టికెట్టు మీద 15వ తేదీ అని ఉంటుంది. అది 14 రాత్రి అర్ధరాత్రి దాటాక వచ్చే 12:35, 15వ తేదీ రాత్రి కాదు. ఈ ఒక్క అంకె చూసి ఒక రోజు ఆలస్యంగా ఎయిర్‌పోర్టుకు పోయినవాళ్లు నాకు తెలుసు. 14వ తేదీ రాత్రి పన్నెండు కొట్టేసరికి బయటి గేటు దగ్గర ఉండమనండి.